బీటా యాంటీవైరస్ వేశాక కంప్యూటర్ మొరాయిస్తోందా? ఫార్మాట్ కొట్టే ముందు ఇది చదవండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనది ఇది. ఇంట్లో ఒకటే కంప్యూటర్, విండోస్ 11. పగలు మీ నాన్నగారు దానిమీద ట్యాలీ, జీఎస్టీ పనులు చూసుకుంటారు, సాయంత్రం పాప క్లాసులు. ఒక యాంటీవైరస్ కంపెనీ కొత్త వెర్షన్ బీటా, అంటే ఇంకా పరీక్షలో ఉన్న వెర్షన్, ఉచితంగా ఇస్తోందని చూసి, ఉన్న యాంటీవైరస్ తీయకుండానే దాన్ని వేశారు. రెండు రోజులు బాగానే నడిచింది. తర్వాత ఆన్ కావడానికే పది నిమిషాలు, క్రోమ్‌లో ఏ సైటు తెరిచినా మీ కనెక్షన్ ప్రైవేట్ కాదన్న హెచ్చరిక, డిజిటల్ సంతకం పెట్టబోతే పెట్టదు, రోజుకోసారి బ్లూ స్క్రీన్. తీసేద్దామంటే అన్‌ఇన్‌స్టాల్ సగంలో ఆగిపోయింది, దాంతోపాటు నెట్ కూడా పోయింది. షాపతను ఫార్మాట్ కొడితే అన్నీ పోతాయన్నాడు.

అతను చెప్పింది అబద్ధం కాదు. అన్నీ పోతాయి, ట్యాలీ డేటాతో సహా. అతను డేటా తీసి పెట్టినా, ట్యాలీ లైసెన్స్ సరెండర్ చేయకుండా డిస్క్ తుడిచేస్తే దాన్ని మళ్లీ యాక్టివేట్ చేయించుకోవడం ఇంకో తలనొప్పి. మీరు రాసిన లక్షణాలు చూస్తే ఫార్మాట్ అవసరం పడేలా లేదు. కావాల్సింది ఒక సాయంత్రం, ఒక పెన్‌డ్రైవ్, కాస్త ఓపిక. పనులు మాత్రం వరుస తప్పకూడదు.

ఎందుకంటే యాంటీవైరస్ మిగతా సాఫ్ట్‌వేర్ లాంటిది కాదు. ఫొటోల ప్రోగ్రామ్ చెడిపోతే ఫొటోలు తెరుచుకోవు, అంతే. యాంటీవైరస్ మాత్రం విండోస్ లోపలి పొరలో, కెర్నల్ అంటారు, అక్కడ డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రామ్‌గా కూర్చుంటుంది. మీరు ఏ ఫైలు తెరిచినా, ఏ సైటుకు వెళ్లినా దాని చేతుల మీదుగా పోవాల్సిందే. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ లాగా. మీ ఇంట్లో ఇప్పుడు వాచ్‌మన్లు ఇద్దరు, అందులో ఒకడు నిన్నగాక మొన్న పనిలో చేరినవాడు. పాలవాడిని ఇద్దరూ ఆపి అడుగుతున్నారు. సగం సమయం ఒకడిని చూసి ఇంకొకడు దొంగ అనుకుంటున్నాడు.

ఇది ఊరికే పోలిక కోసం అన్నది కాదు. 2006 ఫిబ్రవరిలో సరిగ్గా ఇదే జరిగింది. మైక్రోసాఫ్ట్ వాళ్ల యాంటీస్పైవేర్ అప్పటికి బీటాలోనే ఉంది. ఒక అప్‌డేట్ తర్వాత అది సిమాంటెక్ యాంటీవైరస్‌ని పాస్‌వర్డ్‌లు దొంగిలించే ట్రోజన్‌గా గుర్తించింది. తీసేయమంటారా అని అడిగితే చాలామంది సరే అన్నారు. దాంతో విండోస్ తన సెట్టింగ్‌లు రాసుకునే రిజిస్ట్రీలో సిమాంటెక్‌కి కావాల్సిన ఎంట్రీలు పోయి అది మూలనపడింది. పూర్తయిన సరుకే ఒక్కోసారి ఇంతకంటే పెద్ద పని చేసింది. 2010 ఏప్రిల్ 21న మెకాఫీ అప్‌డేట్ ఒకటి విండోస్ ఎక్స్‌పీలోని ఎస్‌వీసీహోస్ట్ అనే సిస్టమ్ ఫైల్‌నే వైరస్ అనుకుంది. ఆ ఫైలు లేకపోతే ఎక్స్‌పీ నిలబడదు, కంప్యూటర్లు మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అవుతూ కూర్చున్నాయి. 2024 జూలై 19 మీకు గుర్తుండే ఉంటుంది, శంషాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో అందరి ఫోన్లలో తిరిగిన రోజు. క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ పంపిన ఒక్క అప్‌డేట్ ఫైలు వల్ల 85 లక్షల విండోస్ మెషీన్లు పడిపోయాయని మైక్రోసాఫ్టే లెక్క చెప్పింది. అక్కడ వైద్యం కూడా మనం ఇప్పుడు చేయబోయేదే: విండోస్ అత్యవసరమైనవాటితో మాత్రమే నడిచే సేఫ్ మోడ్‌లోకి వెళ్లి, తప్పు చేసిన ముక్కను తీయడం. ఆ రోజు చాలామందిని ఇబ్బంది పెట్టింది అసలు తప్పుకంటే బిట్‌లాకర్ కీ, అంటే డిస్క్‌కి విండోస్ వేసే తాళం చెవి, దొరక్కపోవడం. అందుకే మీతో కూడా ముందు ఆ పనే చేయిస్తాను.

ఫోన్‌లో మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి లాగిన్ అయి, డివైస్‌ల కింద బిట్‌లాకర్ రికవరీ కీ ఉందేమో చూడండి. మాది హోమ్ ఎడిషన్, మాకు బిట్‌లాకర్ లేదు అనుకోకండి. హోమ్‌లో అదే పని డివైస్ ఎన్‌క్రిప్షన్ పేరుతో మీకు తెలియకుండానే ఆన్ అయి ఉండొచ్చు. 48 అంకెల కీ కనిపిస్తే కాగితం మీద రాసుకోండి. స్క్రీన్‌షాట్ తీసి అదే కంప్యూటర్‌లో దాచుకుంటే ఉపయోగం లేదు, నవ్వకండి, అలా చేసినవాళ్లు నా దగ్గరికి వచ్చారు.

తర్వాత డేటా. సేఫ్ మోడ్‌లోకి వెళ్లాలంటే లాగిన్ తెరమీద కింద పవర్ గుర్తు నొక్కి, షిఫ్ట్ పట్టుకునే రీస్టార్ట్ కొట్టండి. నీలం తెర వస్తుంది. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్. లిస్టు వచ్చాక 4 నొక్కాలి. అక్కడ ట్యాలీ తెరవాల్సిన పనిలేదు, దాని డేటా ఫోల్డర్‌ని మొత్తంగా పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయండి. ఆ ఫోల్డర్ ఎక్కడుందో మీ నాన్నగారిని అడగండి, ట్యాలీలో కంపెనీ ఎంచుకునే తెరమీద పాత్ కనిపిస్తుంది కాబట్టి ఆయనకు తెలిసే ఉంటుంది. పాప ఫైళ్లూ, ఫొటోలూ సంగతి మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. సేఫ్ మోడ్‌లో అరగంట, గంట వాడినా బ్లూ స్క్రీన్ రాలేదు, వేగంగా ఉంది అంటే మన అనుమానం సరైన దారిలోనే ఉంది, ఎందుకంటే అక్కడ బయటి కంపెనీల డ్రైవర్లు దాదాపుగా లోడ్ కావు. సేఫ్ మోడ్‌లోనూ పడిపోతుంటే యాంటీవైరస్‌ని వదిలేసి ర్యామ్, డిస్క్ వైపు చూడాలి. స్టార్ట్‌లో మెమరీ అని కొడితే విండోస్ మెమరీ డయాగ్నొస్టిక్ వస్తుంది, అక్కడినుంచి మొదలుపెట్టండి.

ఇప్పుడు రుజువులు. చాలామంది ఈ మెట్టు దాటేసి నేరుగా తీసేయడానికి పోతారు, ఆ తర్వాత బ్లూ స్క్రీన్ మళ్లీ వస్తే దేనివల్లో తెలియక జుట్టు పీక్కుంటారు. మామూలుగా బూట్ చేసి, ఆ పది నిమిషాలు భరించి, కమాండ్లు కొట్టే టెర్మినల్ అనే ప్రోగ్రామ్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరవండి. ఎఫ్, ఎల్, టి, ఎం, సి, ఈ ఐదు ఇంగ్లీషు అక్షరాలు కలిపి కొట్టి ఎంటర్ నొక్కండి. ఫైళ్ల మీద నిఘా పెట్టిన డ్రైవర్లన్నీ వరుసగా వస్తాయి. ఒక్కోదానికి ఆల్టిట్యూడ్ అని ఒక అంకె ఉంటుంది. 3,20,000 నుంచి 3,30,000 లోపు ఉన్నవి యాంటీవైరస్ జాతివి, ఆ వరుసను మైక్రోసాఫ్ట్ వాటికే కేటాయించింది. 328010 దగ్గర డబ్ల్యూడీఫిల్టర్ అని కనిపిస్తే అది విండోస్‌తో వచ్చే డిఫెండర్, దాన్ని కదపకండి. అది కాక ఇంకా రెండు కంపెనీల పేర్లు అదే వరుసలో కనిపించాయంటే ఇద్దరు వాచ్‌మన్లూ గేటు దగ్గరే ఉన్నట్టు. ఆ తెరను ఫోన్‌తో ఫొటో తీసుకోండి.

బ్లూ స్క్రీన్ మీద కింద, ఏది ఫెయిలైందో చెప్పే లైను ఒకటి వస్తుంది, చివర సిస్ అని ఉండే ఫైలు పేరు. అది యాంటీవైరస్ డ్రైవర్ పేరైతే కేసు తేలినట్టే. ఎఫ్‌ఎల్‌టీఎంజీఆర్ అని వస్తే కంగారుపడి విండోస్‌ని తిట్టకండి. అది విండోస్ వారి ఫిల్టర్ మేనేజర్, ఈ నిఘా డ్రైవర్లన్నీ దాన్ని ఆనుకునే పనిచేస్తాయి. దాన్ని పడగొట్టింది దానిమీద కూర్చున్న ఎవరో ఒకరు, ఎక్కువసార్లు యాంటీవైరసో బ్యాకప్ సాఫ్ట్‌వేరో అయి ఉంటుంది. ఎన్‌టీఓఎస్ అని మొదలయ్యే పేరు మాత్రమే వస్తే దాన్నిబట్టి ఏమీ తేల్చలేం. స్టార్ట్‌లో రిలయబిలిటీ అని వెతికితే రోజువారీ గ్రాఫ్ ఒకటి తెరుచుకుంటుంది. ఎర్ర గుర్తులు బీటా వేసిన రోజు తర్వాతే మొదలయ్యాయా, అంతకుముందు కూడా ఉన్నాయా అన్నది అందులో ఒక్క చూపులో తెలుస్తుంది. నా అనుభవంలో మనుషుల జ్ఞాపకం కన్నా ఈ గ్రాఫ్ నమ్మకమైనది.

తీయబోయే ముందు ఆగి, అనుమానం వచ్చిన ఫైళ్లను యాంటీవైరస్ బంధించి ఉంచే క్వారంటైన్ చూడండి. యాంటీవైరస్ తెరుచుకుంటే ఆ లిస్టులో మీకు తెలిసిన ఫైలు ఏదైనా ఇరుక్కుందేమో వెతికి రిస్టోర్ చేయండి. యాంటీవైరస్‌ని తీసేస్తే క్వారంటైన్ కూడా దాంతోనే పోవచ్చు, ఆ ఫైళ్లు మళ్లీ దొరకవు. ఇది నేను నష్టపోయి నేర్చుకున్న సంగతి. నేను పని నేర్చుకుంది సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో. తర్వాత సొంతంగా షాపు పెట్టుకున్నప్పుడు పక్కనే ఒక డీటీపీ సెంటర్ ఉండేది. వాళ్ల మెషీన్‌లో నేనే సరదాపడి ఒక బీటా యాంటీవైరస్ వేశాను. తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ పనే మీరు కొట్టే ప్రతి అక్షరాన్నీ పట్టుకుని తెలుగులోకి మార్చడం. కొత్త వాచ్‌మన్ కళ్లకు అది పాస్‌వర్డ్‌లు దొంగిలించే కీలాగర్‌లాగే కనిపించింది. మర్నాడు పొద్దున ఒక పెళ్లి కార్డు ప్రింటుకు పోవాలి. నేను కోపంలో యాంటీవైరస్‌ని పీకేశాను, క్వారంటైన్‌లో ఉన్న ఫైళ్లు కూడా దాంతోనే పోయాయి. రాత్రి పదకొండింటికి టైపింగ్ సాఫ్ట్‌వేర్ సీడీ కోసం బీరువాలన్నీ వెతికాం. ఆ డీటీపీ ఆయన ఇప్పటికీ బీటా అన్న మాట వింటే నా వైపు చూస్తాడు.

ఇక తీసే పని. ముందు బీటా, తర్వాత పాతది, రెంటి మధ్యా రీస్టార్ట్. షట్‌డౌన్ చేసి మళ్లీ ఆన్ చేస్తే సరిపోదు. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే విండోస్ షట్‌డౌన్‌లో కెర్నల్‌ని అలాగే డిస్క్‌లోకి దాచి మళ్లీ తెస్తుంది, పాత డ్రైవర్లు కూడా అలాగే తిరిగొస్తాయి. రీస్టార్ట్ కొడితేనే అన్నీ కొత్తగా లోడ్ అవుతాయి.

సగంలో ఆగిన అన్‌ఇన్‌స్టాల్‌కి నేను ముందు ప్రయత్నించేది చాలా పాత చిట్కా: అదే బీటా ఇన్‌స్టాలర్‌ని దానిమీదే మళ్లీ వేయడం. వినడానికి వింతగా ఉంటుంది. పోయిన ముక్కలు తిరిగి వస్తాయి కాబట్టి అన్‌ఇన్‌స్టాలర్‌కి తను వెతుకుతున్నవన్నీ దొరుకుతాయి, ఈసారి చివరిదాకా పోతుంది. తీసే ముందు దాని సెట్టింగ్స్‌లో సెల్ఫ్ ప్రొటెక్షన్ ఆపండి. వైరస్‌లు తనని చంపకుండా పెట్టుకున్న రక్షణ అది, ఒక్కోసారి మననీ అడ్డుకుంటుంది. జీఎస్టీ టోకెన్, అంటే డిజిటల్ సంతకం ఉండే యూఎస్‌బీ, పెట్టి ఉంటే ఊడదీసి పక్కన పెట్టండి.

అలా కుదరకపోతే కంపెనీవాళ్ల తొలగింపు టూల్. దాదాపు ప్రతి యాంటీవైరస్ కంపెనీకీ ఇలాంటిది ఒకటి ఉంటుంది. ఫోన్‌లోనో పక్కింటి కంప్యూటర్‌లోనో దించుకోవాలి, అది కూడా ఆ కంపెనీ సొంత సైటు నుంచి మాత్రమే. గూగుల్‌లో రిమూవల్ టూల్ అని వెతికితే పైన వచ్చే ప్రకటనలు నమ్మితే ఒక దయ్యాన్ని వదిలించుకోబోయి ఇంకోదాన్ని ఇంటికి తెచ్చుకున్నట్టే. ఇంకో జాగ్రత్త: అది మీ బీటా వెర్షన్‌ని గుర్తిస్తుందో లేదో చూడండి. మార్కెట్లో ఉన్న వెర్షన్ల కోసం చేసిన టూల్‌కి బీటా డ్రైవర్ల కొత్త పేర్లు తెలియకపోవచ్చు. బీటా దించుకున్న పేజీలోనే దానికి సరిపోయేది ఇచ్చారేమో వెతకండి. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని సేఫ్ మోడ్‌లో నడపండి. సెట్టింగ్స్‌లోంచి చేసే మామూలు అన్‌ఇన్‌స్టాల్ మాత్రం సేఫ్ మోడ్‌లో చాలాసార్లు కుదరదు, విండోస్ ఇన్‌స్టాలర్ సర్వీస్ అక్కడ నడవదు.

ఏం చేసినా ప్రోగ్రామ్ ఫైల్స్‌లోకి వెళ్లి ఆ ఫోల్డర్‌ని డిలీట్ కొట్టకండి. డ్రైవర్ పేరు రిజిస్ట్రీలో ఉండి, ఫైలు డిస్క్‌లో లేకపోతే విండోస్ దానికోసం వెతుక్కుంటూ ఆగిపోవచ్చు. కొన్ని యాంటీవైరస్‌లు కీబోర్డు మీద కూడా ఒక ఫిల్టర్ పెడతాయి. అలా అడ్డంగా తీసేసి, లాగిన్ తెర దాకా వచ్చి కీబోర్డు పనిచేయక పాస్‌వర్డ్ కొట్టలేకపోయిన మెషీన్ నా టేబుల్ మీదికే వచ్చింది. విండోస్‌ని వెనకటి రోజు స్థితికి తీసుకెళ్లే సిస్టమ్ రిస్టోర్ పాయింట్ బీటాకి ముందుది ఉంటే అది కూడా మంచి దారే, డాక్యుమెంట్లను ముట్టుకోదు. కాకపోతే చాలా ఇళ్లలో అది ఆన్‌లోనే ఉండదు.

రెండూ పోయాక ఆ ఐదు అక్షరాల కమాండ్ మళ్లీ కొట్టి ఫొటోతో పోల్చండి. కంపెనీల పేర్లు మాయమై డిఫెండర్ ఒక్కటే మిగలాలి. విండోస్ సెక్యూరిటీలో డివైస్ సెక్యూరిటీ కింద కోర్ ఐసోలేషన్ అని ఉంటుంది, మెమరీ ఇంటెగ్రిటీ ఆన్ చేయబోతే పొసగని డ్రైవర్ల పేర్లు చూపిస్తుంది. పాత యాంటీవైరస్ ముక్క ఏదైనా దాక్కుని ఉంటే అక్కడ బయటపడే అవకాశం ఉంది.

నెట్ సంగతి. ముందు ఫోన్‌ని యూఎస్‌బీతో కలిపి టెథరింగ్ పెట్టి చూడండి. అలాగైతే వస్తోందంటే తేడా వైఫై అడాప్టర్ దగ్గర ఉంది. ఎలాగూ రావట్లేదంటే విండోస్ నెట్‌వర్క్ పొరల్లోనే యాంటీవైరస్ ముక్క మిగిలిపోయినట్టు. సెట్టింగ్స్‌లో ప్రాక్సీ చూడండి, 127.0.0.1 అని ఏదైనా రాసి ఉంటే ఆఫ్ చేయండి: బీటా అన్ని సైట్లనూ తన గుండా పంపుకోవడానికి పెట్టిన దారి అయి ఉండొచ్చు, ఇప్పుడు ఆ దారికి అవతల ఎవరూ లేరు. అడాప్టర్ ప్రాపర్టీస్ లిస్టులో యాంటీవైరస్ పేరుతో టిక్ ఉంటే తీసేయండి. అప్పటికీ రాకపోతే అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ రీసెట్ ఉంటుంది. అది కొట్టాక వైఫై పాస్‌వర్డ్ మళ్లీ ఇవ్వాలి, ముందే గుర్తుపెట్టుకోండి.

క్రోమ్ హెచ్చరిక గురించి మీరు చాలా టెన్షన్ పడినట్టున్నారు, బ్యాంకు సైటుకు కూడా వచ్చిందని రాశారు. హ్యాక్ అయ్యారని అనుకునే ముందు కింద గడియారం చూడండి. తేదీ తప్పుంటే ఇదే హెచ్చరిక వస్తుంది, పాత డెస్క్‌టాప్ అయితే మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలా ఉండే బ్యాటరీ మార్చాలి. తేదీ సరిగ్గానే ఉంటే అసలు సంగతి వేరు. ఎన్‌క్రిప్ట్ అయి వచ్చే పేజీల లోపల కూడా వైరస్ ఉందేమో చూడాలని యాంటీవైరస్ మధ్యలో నిలబడి, బ్యాంకు సర్టిఫికెట్ స్థానంలో తన సర్టిఫికెట్ చూపిస్తుంది. దానికోసం విండోస్ నమ్మే సర్టిఫికెట్ల పెట్టెలో తన రూట్ సర్టిఫికెట్ పెట్టుకుంటుంది. ఇద్దరు వాచ్‌మన్ల తోపులాటలోనో, సగం అన్‌ఇన్‌స్టాల్‌లోనో పెట్టెలోది పోయి, మధ్యలో నిలబడేది మిగిలితే క్రోమ్ అరుస్తుంది, అరవాలి కూడా. హెచ్చరిక వివరాల్లో సర్టిఫికెట్ ఎవరిచ్చారో చూడండి, మీ యాంటీవైరస్ పేరుంటే ఇదే కారణం. రెండు యాంటీవైరస్‌లూ శుభ్రంగా పోయాక హెచ్చరిక ఆగుతుంది. తర్వాత స్టార్ట్‌లో సర్టిఫికెట్స్ అని వెతికి, ట్రస్టెడ్ రూట్ లిస్టులో ఆ కంపెనీ పేరుతో ఉన్న ఒక్కటీ తీయండి. మిగతా పేర్లు ఎంత వింతగా ఉన్నా ముట్టుకోవద్దు. ఇదంతా అయ్యేదాకా ఆ కంప్యూటర్‌లో బ్యాంకు పని చేయకండి, హెచ్చరికను దాటుకుని ముందుకెళ్లే లింకు అసలే నొక్కకండి.

జీఎస్టీ సంతకం ఆగిపోయింది కూడా బహుశా దీనివల్లే. జీఎస్టీ సైటులో డిజిటల్ సంతకం పెట్టించే ఈఎంసైనర్ ప్రోగ్రామ్ మీ కంప్యూటర్‌లోనే చిన్న సర్వర్‌లా నడుస్తూ బ్రౌజర్‌తో మాట్లాడుతుంది. మధ్యలో యాంటీవైరస్ దూరితే ఆ మాట తెగుతుంది. అంతా శుభ్రమయ్యాక ఈఎంసైనర్‌ని తీసి మళ్లీ వేసి, అడ్మినిస్ట్రేటర్‌గా నడిపి, టోకెన్ పెట్టి చూడండి.

చివరికి విండోస్ సెక్యూరిటీ తెరిచి, వైరస్ రక్షణ ఎవరి చేతిలో ఉందో చూడండి. వేరే యాంటీవైరస్ ఉన్నప్పుడు డిఫెండర్ తనంతట తానే పక్కకు తప్పుకుంటుంది, అది పోగానే తిరిగొస్తుంది. రాకపోతే తుడవని ముక్క ఇంకా ఉంది, తొలగింపు టూల్ మరోసారి. నిజంగా పనిచేస్తోందా అన్న అనుమానం ఉంటే ఐకార్ పరీక్ష ఫైలు ఉంది, 68 అక్షరాల హానిలేని టెక్స్ట్. ఐకార్ సైటు నుంచి దించగానే డిఫెండర్ పట్టుకోవాలి. ఆ తర్వాత ఏం వేసుకోవాలని కూడా అడిగారు. నా అభిప్రాయంలో మీ ఇంటికి డిఫెండర్ చాలు, విండోస్ అప్‌డేట్లు ఆపకుండా ఉంటే. డబ్బు పెట్టి కొన్నది ఏదైనా వాడతానంటే కాదనను, ఒక్కటే వాడండి. ట్యాలీ నెమ్మదిగా ఉందనిపిస్తే దాని డేటా ఫోల్డర్‌ని ఒక్కదాన్నే స్కాన్‌ నుంచి మినహాయించండి, సీ డ్రైవ్ మొత్తాన్ని కాదు.

బీటాలు చూడాలన్న సరదా తప్పని నేను అనను, నాకూ ఉంది. వాటికోసం నేను ఒక పాత ల్యాప్‌టాప్ పెట్టుకున్నాను. ర్యామ్ ఎక్కువున్నవాళ్లు, కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌ని నడిపే వర్చువల్‌బాక్స్‌లో వేసుకోవచ్చు. తయారుచేసినవాళ్లకు మీ అనుభవం పంపాలనుకుంటే, విండోస్ ఫోల్డర్‌లో మినీడంప్ అని, బ్లూ స్క్రీన్ వివరాలు ఉండే ఫోల్డర్‌ని, యాంటీవైరస్ తీసే పని మొదలుపెట్టకముందే కాపీ చేసుకుని వెర్షన్ నంబరుతో పంపండి. పూర్తి మెమరీ డంప్ అడిగినా ఇవ్వకండి, ఆ క్షణంలో మెమరీలో ఉన్నవన్నీ, పాస్‌వర్డ్‌లతో సహా, అందులో ఉండే అవకాశం ఉంది.

ఈ రాత్రికి కీ, డేటా కాపీ, ఆ ఐదు అక్షరాల కమాండ్ ఫొటో, ఈ మూడు చాలు. ఫొటో ఇక్కడ పెట్టండి, బ్లూ స్క్రీన్ మీది ఫైలు పేరు కూడా రాయండి. ఏ కంపెనీ తొలగింపు టూల్ ఏ వరుసలో నడపాలో పేర్లు చూసి చెప్తాను.